ఫుముగారి ముందు ఏడో వంతు

మంగళవారం రెండో పీరియడ్‌లో హెడ్మాస్టర్ లోంగ్వేగారి టీ కప్పు బల్ల మీద నడక మొదలుపెట్టింది. ముందు సుద్దముక్కల డబ్బాను దాటింది. తరువాత చేతిగంటను దాటింది. బల్ల అంచు దగ్గర కాసేపు నిలబడి, తీరిగ్గా హెడ్మాస్టర్‌గారి ఒళ్ళోకి దిగింది. ఆయన కొత్త ప్యాంటు వేసుకున్నది ఆ పూటే. గోడనున్న ఆఫ్రికా పటాన్ని తీసి ముందు అడ్డం పెట్టుకుని, ఆయన మిగతా రోజంతా తరగతులు తిరిగారు. నేను పాఠం చెప్పే నాలుగో తరగతికి వచ్చి నైలు నది ఎక్కడ పుడుతుందో చెప్పారు. మూడో తరగతిలో సహారా ఎడారి గురించి చెప్పారు. రెండో తరగతి పిల్లలకు పటం పాఠమే లేదు, అయినా చెప్పారు. పిల్లలు చాలా శ్రద్ధగా విన్నారు. తడి ఆరాక పటం గోడకు వెళ్ళింది.

కప్పు దానంతటది నడవలేదు. గోడకు అవతల ఆరో తరగతి ఐదును ఎనిమిదితో భాగిస్తోంది.

ఆ తరగతి టీచరు పేరు కెజియా న్యకమాంగా. ఊళ్ళో అందరూ న్యకమాంగా అనే పిలుస్తారు. మా సరస్సు ఒడ్డున పెళ్ళయినా ఆడమనిషి పేరులో పుట్టింటి వంశమే ఉంటుంది. పొడగరి. సుద్దముక్కలు తలగుడ్డ మడతలో దాచుకుంటుంది, అందుకే కోపమొచ్చి తల విదిలించిందంటే నెత్తిమీంచి తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ చూసి పిల్లలు సర్దుకుంటారు. బెత్తం అవసరం లేదు.

చిన్నప్పుడు తనకు భాగహారం రాలేదని ఆమే చెప్పుకుంటుంది. ఏదో బహుమతి వచ్చిన సంగతిలాగా చెబుతుంది. మిషన్ బడిలో మాస్టారు నాలుగు మాటలు వల్లె వేయించేవాడట. ఎన్నిసార్లు, గుణించు, తీసివెయ్యి, దించు. ఒక మాట జారితే ఒక దెబ్బ. ఈమెకు ప్రతిసారీ "తీసివెయ్యి" జారిపోయేది.

"ఎందుకు జారేదమ్మా?" అని నేనోసారి అడిగాను.

"అప్పటికి వీపు మండుతుండేది కదా. ఆ మంట తీసెయ్యడం మీదే ఉండేది నా మనసంతా."

ఒక సాయంత్రం ఒడ్డున మగవాళ్ళు మలిపెంగా నాట్యం అభ్యాసం చేస్తున్నారు. తెల్ల చొక్కాలు, తెల్ల నిక్కర్లు, చేతుల్లో సొరబుర్ర కొమ్ములు, పటాలంలాగా వరస. రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి, ఒక మోకాలు ఇసుకకు. మళ్ళీ మొదటికి. నీళ్ళబిందెతో వెళ్తున్న ఈ పిల్ల అక్కడే నిలబడిపోయింది. ఎన్నిసార్లు అని ఒకడుగు ముందుకు, గుణించు అని ఇంకోటి, తీసివెయ్యి అని వెనక్కి, దించు అని మోకాలు నేలకు. కాళ్ళకు తెలిసిపోయిన పని నోరు మర్చిపోదు. ఆడపిల్లలు మలిపెంగా ఆడకూడదు. అందుకని ఇంట్లో రోకలి పట్టుకుని, కర్రపెండలం దంచుతూ, ఎవరూ చూడకుండా అడుగులేసేది. దుంప నలక్కుండా మిగిలిపోతే తల్లి తిట్టేది. కూతురు లోపల మూడును నాలుగుతో భాగిస్తోందని ఆ తల్లికేం తెలుసు?

తరువాత ఆమె టీచరయింది. మలిపెంగా జట్టు కెప్టెన్ యాఫెత్‌నే పెళ్ళి చేసుకుంది. ఆ అడుగుల కోసమే చేసుకుందని బావి దగ్గర ఆడవాళ్ళు అంటారు. ఆమె ఇంతవరకు కాదనలేదు.

ఆ అడుగులతో ఆమె తరగతిలో భాగహారం నేర్పడం యాఫెత్‌కు మాత్రం మింగుడుపడలేదు. జట్టులో వాడుతున్న పాత డోలు ఒకటి భార్య బడికి తీసుకుపోయినప్పుడు, మా అందరి ముందే వాకిట్లో నిలబడి అరిచాడు.

"తాతల నాటి అడుగులే అవి! తీసుకెళ్ళి తీసివేతలకు పెడతావా?"

"మీరు ఆ అడుగులతో ఇసుకలో బయల్దేరి ఇసుకలోకే వస్తారు. నా పిల్లలు భిన్నం దగ్గర బయల్దేరి దశాంశం దాకా వెళ్తారు."

"జట్టంతా నన్ను చూసి నవ్వుతోంది."

"నవ్వనీ. నవ్వేవాళ్ళ పిల్లలంతా నా తరగతిలోనే ఉన్నారు కెప్టెన్‌గారూ. మీ కొడుకుతో సహా."

యాఫెత్ మావైపు తిరిగి, "మీరేం చూస్తున్నారు?" అన్నాడు. మేము సరస్సును చూస్తున్నామన్నాం.

నవ్వులాట అలా ఉంచితే, ఆ డోలు రాకముందు ఆరో తరగతి ఎలా ఉండేదో నాకు తెలుసు. భాగహారం మొదలైన వారం బల్లలు ఖాళీ అయ్యేవి. చిట్టిచేపలు ఆరబెట్టే తడికల దగ్గర మాత్రం పనివాళ్ళకు కొదవుండేది కాదు. ముఖ్యంగా ఆడపిల్లలు. ఒకసారి తడికల దగ్గరికి పోయిన పిల్ల మళ్ళీ బల్ల మీదికి రావడం అరుదు. లెస్తినా అనే పిల్ల అలాగే పోయింది. డోలు మొదలయ్యాక, చేపలు తిరగేస్తూ తిరగేస్తూ ఆ దెబ్బకు కాలు కదిపి, ఒకనాడు చేతులకు చేపవాసనతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. న్యకమాంగా, "వెనక వరసలో చోటుంది. ఎడమకాలు ముందు," అంది.

అందుకే కప్పు పడిన మర్నాడు లోంగ్వేగారు స్టాఫ్ మీటింగ్ పెట్టి, "డోలైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అన్నప్పుడు మాకు నవ్వు రాలేదు. ఆయన చెడ్డవాడు కాడు. నెమ్మదస్తుడు, ఇంగ్లీషు వ్యాకరణం ప్రాణం. "అటు నేను కర్త, కర్మ, క్రియ చెబుతుంటే మూడూ గెంతుతున్నాయండీ," అని నిజంగానే బాధపడ్డారు. సంగతి మేం ఫుము అని పిలిచే ఊరి దొర దగ్గరికి పోయింది. బడి కమిటీకి ఆయనే పెద్ద. తల్లిదండ్రుల దినం నాడు ఆట చూసి తేలుస్తానన్నారు. ఆయన వద్దంటే డోలు మగవాళ్ళ పాకకు పోతుంది, ఆరో తరగతి బెత్తం కిందికి పోతుంది, లెస్తినా తడికల దగ్గరికి పోతుంది. న్యకమాంగాకు ఇది బాగా తెలుసు. ఆ వారమంతా ఆమె తలమీంచి పొగ లేస్తూనే ఉంది.

లోంగ్వేగారు ఆమెను పక్కకు పిలిచారు. "చిన్నగా ముగిసేది చేయించండి మేడమ్. ఐదు బై ఎనిమిది చాలు. మూడు స్థానాల్లో అయిపోతుంది. ఆపైన భోజనాలున్నాయి."

"అలాగే సార్."

భోజనాల సంగతి ఆయన ఊరికే అనలేదు. మా ఊళ్ళో ఫుము ముందు ఎత్తుకున్న ఆట మధ్యలో ఆపకూడదు. ఆట తనంతట తాను ముగియాలి. అది ముగిసేదాకా ఫుము లేవడు, ఫుము లేవందే ఎవరూ ముద్ద ముట్టరు. ఆనాటి వంట కర్రపెండలం ముద్ద, దాన్ని కొందొవోలె అంటాం. వేడిగా ఉంటే వెన్న. చల్లారితే పడవకు చిల్లు పడ్డచోట పెట్టుకోవచ్చు.

తల్లిదండ్రుల దినం నాడు మైదానం నిండిపోయింది. ఫుముగారు పందిరి కింద కుర్చీలో కూర్చున్నారు. ఆయన పక్కన మలిపెంగా పెద్దలు, వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని యాఫెత్. పిల్లలు వరసగా దిగారు. న్యకమాంగా చెయ్యెత్తగానే డోలు మోగింది, ఆమె అడిగింది.

"ఐదులో ఎనిమిది ఎన్నిసార్లు?"

"పోదు!" అన్నారు పిల్లలు. సున్నా. అందరూ కలిసి మడమతో ఒక్క తాపు తన్నారు. అది బిందువు. ఐదు పక్కన సున్నా చేరి యాభై అయింది. ఒకడుగు ముందుకు, ఆరుసార్లు. ఇంకోటి ముందుకు, నలభై ఎనిమిది. వెనక్కి, శేషం రెండు. మోకాలు నేలకు, సున్నా దించితే ఇరవై. మళ్ళీ లేచి రెండుసార్లు, పదహారు, శేషం నాలుగు. దించితే నలభై. ఐదుసార్లు, నలభై. వెనక్కి అడుగేస్తే మిగిలిందేమీ లేదు. అందరూ ఒక్కసారిగా గాల్లోకి లేచి రెండు కాళ్ళ మీద దిగారు. "సున్నా!"

సున్నా పాయింట్ ఆరు, రెండు, ఐదు. తల్లులు నాలుకలాడిస్తూ కేకలేశారు. లోంగ్వేగారు పక్కవాళ్ళకు తెలియకుండా చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నారు. వంటవాళ్ళు మూతలు తీయబోయారు.

మలిపెంగా పెద్దల్లోంచి ఒకాయన గొణిగాడు. "చిలకపలుకులు. నేర్పింది అప్పజెప్పారు. ఇందులో లెక్కేముంది?"

ఫుముగారు తలూపారు. "జట్టు తెచ్చిన ఆట చూశాం. నేను అడిగిన ఆట ఇంకా చూడలేదు." అది మర్యాదే. మలిపెంగా పోటీల్లో ఎప్పుడూ రెండో ఆట ఫుము అడిగిందే ఆడతారు. ఆయన కాసేపు సరస్సు వైపు చూశారు. "ఒక్క కంపాంగో చేప. ఏడుగురు మనవలు. ఒక్కొక్కడికీ ఎంత?"

లోంగ్వేగారి ముఖం వాడిపోయింది. ఒకటిని ఏడుతో భాగిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. మా ఇద్దరి చూపులూ ఒకేసారి ముద్దల గంగాళాల మీదికి పోయాయి.

న్యకమాంగా ముఖం మాత్రం వెలిగిపోయింది. "చిత్తం ఫుముగారూ," అని, పొయ్యిలోంచి బూడిద తెప్పించి నేల మీద ఆరు సున్నాలు చుట్టి, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసింది. ఏడుతో భాగిస్తే మిగిలేది ఆ ఆరింటిలో ఏదో ఒకటే అవ్వాలి. శేషాన్ని మోసే పిల్లగా లెస్తినాను పిలిచింది. లెస్తినా వెళ్ళి ఒకటి మీద నిలబడింది.

డోలు లేచింది. పదిలో ఏడు ఒకసారి, శేషం మూడు. లెస్తినా మూడు మీదికి గెంతింది. ముప్ఫైలో నాలుగుసార్లు, శేషం రెండు. ఇరవైలో రెండుసార్లు, శేషం ఆరు. అరవైలో ఎనిమిది, శేషం నాలుగు. నలభైలో ఐదు, శేషం ఐదు. యాభైలో ఏడు, శేషం ఒకటి. ఒక్క కాలు తడబడలేదు. వరస ముందున్న పిల్లలు అంకె రాగానే అంకె అరుస్తున్నారు. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు. లెస్తినా తిరిగి ఒకటి మీదికి వచ్చింది. పదిలో ఏడు ఒకసారి. మూడు మీదికి గెంతింది.

"దోషం!"

యాఫెత్ లేచి నిలబడ్డాడు. "దోషం ఫుముగారూ! వేసిన అడుగే మళ్ళీ వేస్తున్నారు. దారి తప్పారు!"

మైదానమంతా కలకలం రేగింది. ఫుము ముందు వేసిన వరసే మళ్ళీ వేయడం మలిపెంగాలో పెద్ద తప్పు. దోషం నిలబడితే జట్టు మైదానం వదిలి వెళ్ళాలి, ఇక డోలు ముట్టకూడదు. పిల్లలు మాత్రం ఆగలేదు. న్యకమాంగా చెయ్యి దించలేదు కాబట్టి డోలూ ఆగలేదు.

"ఎవరయ్యా దారి తప్పింది?" ఆమె భర్త వైపు తిరిగింది. తలమీంచి పొగ లేచింది. "శేషం ఒకటొస్తే ఆ పిల్ల ఒకటి మీద కాక నీ నెత్తి మీద నిలబడుతుందా?"

"అడిగింది ఫుముగారు. ఆయనకు చెప్పు, నాకెందుకు?"

"దోషమని అరిచింది నువ్వు!"

"ఇంటి సంగతులు ఇంట్లో," అన్నారు ఫుముగారు. కుర్చీలో ముందుకు వంగి లెస్తినాను చూశారు. ఆ పిల్ల మళ్ళీ ఒకటి మీదికి వచ్చిన వేళకు అడిగారు. "ఏమ్మా, నీ దగ్గర ఎంత మిగిలింది?"

"ఒకటి ఫుముగారూ." కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

"బయల్దేరేటప్పుడు ఎంత ఉంది?"

"ఒకటే."

"మరిప్పుడేం చేస్తావు?"

"అప్పుడు చేసిందే చేస్తాను. ఇంకోటి చేస్తే తప్పవుతుంది," అని మూడు మీదికి గెంతింది.

ఫుముగారు ఇంకో చుట్టు చూశారు. మరో చుట్టు చూశారు. ఆయన చేతిలోని ఆవుతోక విసనకర్ర అంకెలకు తగ్గట్టు కదలడం అందరికంటే ముందు వంటవాళ్ళు గమనించి నీరుగారిపోయారు. ఈలోగా పందిరి కింద ఎవరో సొరబుర్ర కొమ్ము ఎత్తి ఊదారు. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, ఐదు, ఏడు, ఆరు అంకెలకు ఆరు ఊదులు. చూస్తే యాఫెత్. ఎవరి వైపూ చూడకుండా, కళ్ళు మూసుకుని, చెంపలుబ్బించి ఊదుతున్నాడు. అతని కొడుకు రెండో వరసలో ఉన్నాడు. ఆ కుర్రాడి మోకాలు నేలకు తగిలిన ప్రతిసారీ తండ్రి కొమ్ము ఒక పిసరు గట్టిగా మోగింది.

వంటల పెద్దావిడ పందిరి వెనక నుంచి వంగి చెప్పింది. "ముద్దలు గడ్డకట్టిపోతున్నాయి ఫుముగారూ."

"ఇది ఎప్పటికి ముగుస్తుంది న్యకమాంగా?"

"ముగియదు ఫుముగారూ."

"అంటే?"

"ఒకటిని ఏడుతో భాగిస్తే సున్నా మిగలడం అనేది లేదు. మనమందరం పోయాక కూడా ఈ ఆరే ఈ వరసలోనే వస్తుంటాయి."

లోంగ్వేగారు ఇక ఉండలేక లేచారు. "రెండు స్థానాలకు సరిపెట్టెయ్యండి మేడమ్! సున్నా పాయింట్ ఒకటి నాలుగు. పరీక్షల్లో అంతే కదా."

"పరీక్షలో సరిపెట్టమని అడుగుతారు సార్, సరిపెడతాం. ఇక్కడ ఫుముగారు ఎంత అని అడిగారు. ఇంత అని అబద్ధం చెప్పమంటారా ఆయనతో?"

అందరం ఫుముగారి చేతి వైపు చూశాం. ఆ ఒక్క మాటకు ఫుముగారు విసనకర్ర విసిరికొడితే డోలు సంగతి అక్కడితో సరి.

ఫుముగారు నవ్వారు. ముందు కళ్ళతో, తరువాత పొట్టతో. లేచి నిలబడి విసనకర్ర పైకెత్తారు. డోలు ఆగింది. లెస్తినా నాలుగు మీద ఆగిపోయింది.

"నా తండ్రి కాలంలో గాలివాన వచ్చి మలిపెంగా మధ్యలో ఆగిపోతే ఏం చేశారు?" అని మలిపెంగా పెద్దలను అడిగారు.

చిలకపలుకులన్న పెద్దాయనే చెప్పాల్సొచ్చింది. "ఆగిన అడుగు నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు. ముగిసేదాకా ఆ జట్టును ఎవరూ మాన్పించకూడదు."

"ఇదీ అంతే. నాలుగు దగ్గర ఆగింది. సోమవారం బడి తెరవగానే నాలుగు నుంచి ఎత్తుకోండి. ఆకలేస్తోంది, పదండి."

న్యకమాంగా లెస్తినా దగ్గరికి పోయి, పిల్ల పాదాలకంటిన బూడిదను తన కొంగుతో తుడిచింది. తరువాత తలెత్తి భర్తను చూసింది. యాఫెత్ కొమ్మును చొక్కాలో దాచుకుంటూ దొరికిపోయాడు. ఆ రోజు మేమంతా రాళ్ళలాంటి కొందొవోలె తిన్నాం. దవడలు నొప్పెట్టాయి. ఒక్కరూ వంక పెట్టలేదు.

తరువాత ఊరికి గర్వం ఎక్కువైపోయింది. మా ఫుముగారు అడిగిన ప్రశ్న ఇంకా ముగియలేదని సంతలో, పడవల రేవులో, పెళ్ళిళ్ళలో చెప్పుకోవడం మొదలుపెట్టారు. అది విని పక్క ఊరి ఫుము వాళ్ళ బడిలో ఒకటిని మూడుతో భాగించమన్నాడట. మావాళ్ళు చూసొచ్చి పెదవి విరిచారు. "మూడు, మూడు, మూడు, మూడు. ఒకే అడుగు. మనదైతే ఆరడుగుల చుట్టు!" ఏడుగురు మనవలున్నందుకు మా ఫుముగారు కూడా అదంతా తన ప్రయోజకత్వమే అన్నట్టు తిరుగుతున్నారు. చేప ఎవరికెంత వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు.

లెస్తినా ఇప్పుడు జిల్లా కేంద్రంలో సెకండరీ స్కూల్లో చదువుతోంది. శేషం మోయడానికి ఏటా పోటీ పడుతున్నారు. ఆ అవకాశం తమ పిల్లకే రావాలని తల్లులు న్యకమాంగా ఇంటికి చేపలు పట్టుకెళ్తారు. ఆమె చేపలు ఉంచుకుంటుంది, పిల్లలను మాత్రం కాళ్ళు చూసి ఎంచుకుంటుంది. చిట్టిచేపల తడికల దగ్గర పనివాళ్ళు దొరకడం లేదని ఇప్పుడు అక్కడివాళ్ళు గొణుగుతున్నారు. ప్రతి సోమవారం పొద్దున బడి ముందు నుంచి పోయే పడవవాళ్ళు తెడ్లు పైకెత్తి కాసేపు నిలబడతారు, ఆట ఎక్కడి నుంచి ఎత్తుకుంటారో చూడటానికి.

మొన్న సోమవారం ఆట అవగానే లోంగ్వేగారు వరండాలో న్యకమాంగాకు ఎదురు నిలబడ్డారు. గోడ సున్నం రాలి ఆయన భుజాల మీద పడి ఉంది.

"ఊరంటే నాకు గౌరవం మేడమ్, ఫుముగారంటే గౌరవం, మీరన్నా గౌరవమే. కానీ ఏళ్ళు గడుస్తున్నాయి. నా వ్యాకరణం ఒక్క సోమవారమైనా కుదురుగా కూర్చోలేదు. అసలు ఈ ఆట ఎప్పుడు ఆపుతారో అదొక్కటి చెప్పండి నాకు."

"శేషం సున్నా రానివ్వండి సార్, ఆ నిమిషమే ఆపేస్తాను."